శ్రీపర్వతానికి పాత నడకదారి

శ్రీశైలయాత్ర నేడు సులభమైన యాత్ర. కర్నూలునుండి గాని, మార్కాపురంనుండి గాని, హైదరాబాదునుండి గాని ఉదయం బస్సు ఎక్కినవారు అదేనాడు మల్లికార్జునుని దర్శనం చేసికొనవచ్చును. బస్సు దోర్నాల ఘాటులో మలుపులు తిరుగుతూ ఉంటే కిటికీలోనుండి నల్లమల కనబడుతుంది. ఆ అడవిలో దిగి నడవవలసిన అవసరం యాత్రికునకు లేదు. అయితే ఈ సౌకర్యం వచ్చి డెబ్బది ఏండ్లకంటె ఎక్కువ కాలేదు. అంతకుముందు ఎన్నో శతాబ్దాలపాటు రాజైనా, కవియైనా, కూలివాడైనా ఈ కొండకు అడవిలోని కాలిబాటనే రావలసినవాడు. ఓపిక లేనివారిని డోలీలో మోసినా, మోసే బోయీల పాదాలు ఆ బాటమీదనే నడిచినవి. ఆ బాటను గురించి, ముఖ్యంగా దానిని వందల ఏండ్లు చెడిపోకుండా నిలిపినవారిని గురించి, నాలుగు మాటలు మనవిచేయడం ఈ ప్రసంగోద్దేశం.

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ద్వారమంటే తలుపులు గల గోపురమని కాదు; ఆయా దిక్కులనుండి వచ్చేవారు ఊళ్లను విడిచి కొండల సీమలో అడుగుపెట్టే పుణ్యస్థలమని అర్థం. ఒక్కొక్క దిక్కునుండి ఒక్కొక్క బాట అడవిలోపలికి వచ్చేది. వీటిలో పడమటి వైపునుండి, అనగా ఆత్మకూరు మీదుగా వచ్చే దారి ఎక్కువ వాడుకలో ఉన్నది. నేటికీ పూర్తిగా మాయకుండా మిగిలినది అదే.

ఆ దారి మజిలీలు ఇవి. ఆత్మకూరు దాటి వెంకటాపురంవద్ద అడవి ప్రారంభమవుతుంది. మొదట నాగలూటి, అక్కడ వీరభద్రుని ఆలయం, మెట్లబావి ఉన్నవి. అటుపైన పెద్దచెరువు. తరువాత మఠంబావి. దానిని దాటితే నేల ఒక్కసారిగా లోయలోకి దిగిపోతుంది. ఆ లోయ అడుగున భీమునికొలను. మరల ఎదుటి కొండను మెట్లమీదుగా ఎక్కితే కైలాసద్వారం. అక్కడనుండి శ్రీశైల క్షేత్రానికి మిగిలినది చదునైన కొద్దిపాటి నడక. మొత్తం నలుబది కిలోమీటర్లకు పైబడిన అడవి. మజిలీల పేర్లను పరిశీలించండి: ఊటి, చెరువు, బావి, కొలను. ప్రతి పేరూ నీటి పేరే. ఈ దారిని ఏర్పరచినవారు కొండశిఖరాన్ని చూచి నడవలేదు. నీటి తావులను చూచి నడిచినారు. వేసవి మొదట్లో వచ్చే శివరాత్రికి, ఉగాదికి నల్లమలలో వాగులన్నీ ఎండిపోతాయి. ఒక నీటి తావునుండి మరియొక నీటి తావుకు చేరగలిగితేనే మనిషి బ్రతుకుతాడు. అందుచేత ఈ బాట వంకర టింకరగా పోయినట్లు కనబడినా, ప్రతి వంకరకూ కారణమున్నది.

ఈ అడవిని గురించిన ప్రాచీన ప్రస్తావనలలో ఒకటి ఆంధ్రదేశంలో గాక కర్ణాటకంలో దొరికినది. తాళగుంద అనే గ్రామంలో 5వ శతాబ్దినాటి స్తంభశాసనమొకటి ఉన్నది. కదంబ వంశ మూలపురుషుడైన మయూరశర్మ కథను అది చెబుతుంది. ఆయన వేదవిద్యార్థియై కంచికి పోయి, అక్కడ పల్లవుల ఆశ్వికునితో కలహించి, దర్భలు పట్టిన చేతితోనే కత్తి పట్టినాడు. పల్లవుల సరిహద్దు కావలివారిని ఓడించి, శ్రీపర్వత ద్వారాలదాకా వ్యాపించిన దుర్గమారణ్యాన్ని ఆక్రమించి, అక్కడనుండి బాణరాజులవద్ద పన్నులు రాబట్టినాడు. పల్లవులు ఆయనను అణచలేక చివరకు సంధి చేసికొన్నారు. శ్రీపర్వతమనగా శ్రీశైలమేనని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. ఈ కథవలన రెండు సంగతులు తెలుస్తున్నవి. శ్రీపర్వతానికి ద్వారాలు ఉన్నవన్న మాట ఆనాటికే ప్రచారంలో ఉన్నది. అంతేకాక, ఈ అడవిలో దారి తెలిసినవానిని దారి తెలియని పెద్ద సైన్యం ఏమీ చేయలేకపోయినది.

విష్ణుకుండి రాజులు తమ శాసనాలలో తాము శ్రీపర్వతస్వామి పాదభక్తులమని చెప్పుకొన్నారు. సంస్కృత కవులలో భవభూతి తన మాలతీమాధవ నాటకంలో ఈ కొండను మంత్రసిద్ధుల నివాసంగా ప్రస్తావించినాడు. దూరదేశాలవారికి శ్రీపర్వతం సామాన్యులకు అందని వింతచోటు. ఆ చోటును జనసామాన్యానికి దగ్గర చేసినవారు 12వ శతాబ్దిలోను, ఆపైన వచ్చిన శివభక్తులు. కన్నడదేశపు ఉడుతడినుండి బయలుదేరిన అక్క మహాదేవి, కల్యాణం మీదుగా ఈ కొండకు నడిచివచ్చి ఇక్కడి కదళీవనంలో చెన్నమల్లికార్జునునిలో ఐక్యమైనదని భక్తుల విశ్వాసం. కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగాన్నే రచించినాడు. శివరాత్రికి నలుదిక్కులనుండి గుంపులు గుంపులుగా నడిచివచ్చే భక్తులను ఆ ప్రకరణంలో మన కన్నులకు కట్టినాడు. తుమ్మెదపదాలు, ప్రభాతపదాలు, వెన్నెలపదాలు, పర్వతపదాలు అంటూ ఆనాటి జనుల పాటల పేర్లు మనకు తెలిసినది ఆ కవి దయవల్లనే. అడవిలో గుంపుగా నడిచేవారికి పాట కేవలం భక్తికోసమే కాదు. ముందు నడిచేవాని గొంతు వినబడుతున్నంతవరకు వెనుక నడిచేవాడు దారి తప్పడు. మృగాలు కూడా ఆ సందడికి తొలగిపోతాయి.

ఇక రాజుల సంగతి. కాకతీయ సామ్రాజ్యం పతనమైన తరువాత అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి సోపానాలు కట్టించినాడు. ఆ కీర్తిని ఆయన ఆస్థానకవి ఎర్రాప్రగడ తన కావ్యంలో శాశ్వతం చేసినాడు. అదే శతాబ్ది చివర విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు దిగే మెట్లు కట్టించినది. 1515లో కొండవీటిని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు ఈ క్షేత్రాన్ని దర్శించి, రథవీధికి ఇరువైపుల మండపాలు కట్టించినాడు. 1677లో ఛత్రపతి శివాజీ గోలకొండనుండి కర్నూలు మీదుగా దక్షిణ దండయాత్రకు సాగుతూ ఇక్కడ ఆగి, కొన్నాళ్లు తపోనిష్ఠలో గడిపినాడు.

ఈ మెట్లు ఎక్కడెక్కడ ఉన్నవో గమనించవలెను. నిటారైన ఎక్కుడు, దిగుడు ఉన్నచోటనే ఉన్నవి. భీమునికొలను లోయకు దిగేచోట ఉన్నవి, కైలాసద్వారానికి ఎక్కేచోట ఉన్నవి. తక్కిన దారి అంతా వట్టి నేల. నాగలూటికీ పెద్దచెరువుకూ నడుమ, పెద్దచెరువుకూ మఠంబావికీ నడుమ మైళ్లకొలదిగా ఉన్న చదునైన అడవిలో ఏ రాజూ రాయి వేయించలేదు, వేయించవలసిన పనీ లేదు. కాని యాత్రికునికి అపాయం ఉన్నది ఆ చదునులోనే. మెట్లమీద ఎవరూ దారి తప్పరు. ఏ వైపు చూచినా ఒకేరకంగా కనబడే ఏపెచెట్ల నడుమ, వెదురుపొదల నడుమ తప్పుతారు. ఒక వానకాలం గడిచేసరికి బాటమీద గడ్డి మొలుస్తుంది. రెండు వానకాలాలకు తుప్పలు పెరుగుతాయి. పది ఏండ్లకు అక్కడ బాట ఉండెనని చెప్పినా ఎవరూ నమ్మరు. అటువంటి నేలమీద బాట ఇన్ని వందల ఏండ్లు ఎట్లు నిలిచినది?

నిలిపినవారు చెంచులు. నల్లమల వారి పుట్టినిల్లు. మల్లన్న వేటకు వచ్చి తమ ఆడపడుచును వరించి పెండ్లాడినాడని, కనుక ఆ దేవుడు తమ అల్లుడని వారి కథ. శివరాత్రి వచ్చినదంటే అల్లుని ఇంట పండుగ. చుట్టాలను అడవి దాటించడం వారి బాధ్యత. ఎండకాలానికి ముందు తుప్పలు కొట్టి బాటను తెరచేవారు, నీటి తావులను చూపేవారు, డోలీలకు ముందు నడిచేవారు. అందుకు యాత్రికులు వారికి రూకలో ధాన్యమో ఇచ్చేవారు. ఆంగ్లేయుల పాలన వచ్చిన తరువాత ప్రభుత్వం కూడా ఈ ఏర్పాటును కాదనలేక, కనుమలు కాచే తలారుల పనిని చెంచులకే అప్పగించినది.

ఆ బాటను వాడినవారి వ్రాతలు కొన్ని మనకు మిగిలినవి. సర్వే అధికారియైన కాలిన్ మెకంజీ 1794లో ఈ క్షేత్రాన్ని దర్శించి, ప్రాకారపు గోడలమీది శిల్పాలను వర్ణిస్తూ ఒక వ్యాసం వ్రాసినాడు. అది 1798లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి సంపుటంలో అచ్చయినది. జనులు దీనిని వట్టి ‘పర్వతం’ అని పిలిచేవారు గనుక ఆయన కూడా ఆ పేరునే తన భాషలో వ్రాసికొన్నాడు. కాని మన భాషలో ఈ దారిని చెప్పిన ఘనత ఏనుగుల వీరాస్వామయ్యగారిది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఉద్యోగి. 1830 మే 18వ తేదీన మద్రాసునుండి కాశీకి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబలం మీదుగా ఆత్మకూరు చేరి, నాగలూటి, పెద్దచెరువు మజిలీలతో శ్రీశైలం ఎక్కినారు. దారిలోని సంగతులన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి ఎప్పటికప్పుడు వ్రాస్తూ వచ్చినారు. ఆ వ్రాతలే కాశీయాత్ర చరిత్రగా 1838లో వెలువడినవి. ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ వంటసామాను దొరకదు, ఎక్కడ దారి రాళ్లతో నిండినది అనే విషయాలను, వెనుక వచ్చేవారికి ఉపకరించేటట్లు ఆయన వ్రాసినారు. అప్పటికి కర్నూలుసీమ కందనూరు నవాబు చేతిలో ఉన్నది. యాత్రికులవద్ద నవాబు ప్రభుత్వం సుంకం వసూలు చేసేదని కూడా ఆ గ్రంథంవలన తెలుస్తున్నది. దేవునికి పోయే దారిమీద రాబడి తీసినవారు ఉన్నారు గాని, ఆ రాబడిలో దారికి ఖర్చు పెట్టినవారు తక్కువ. 1839లో ఆంగ్లేయులు నవాబును తొలగించి కర్నూలును వశపరచుకొన్నారు.

తరువాతి మార్పు మోటారుతో వచ్చినది. 1950లలో దోర్నాలవైపునుండి ఘాటు రోడ్డు పడినది. 1963 జూలైలో పండిత నెహ్రూ కృష్ణమీద శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. ఆనకట్ట పనులకోసం మరిన్ని రోడ్లు వచ్చినవి. ముసలివారు, పసిపిల్లల తల్లులు, జబ్బుపడినవారు కూడా స్వామిని చూడగలిగినారు. ఇది చిన్న మేలు కాదు. పాత రోజులే మంచివని చెప్పడానికి నేను రాలేదు. ఆ రోజులలో ఈ అడవిలో జ్వరం తగిలి ప్రాణాలు విడిచిన యాత్రికులు ఎందరో. రోడ్డు వచ్చిన తరువాత నడకదారిన పోయేవారు మాత్రం ఏటేటా తగ్గినారు. చెంచులకు ఆ దారిమీద పని తగ్గినది.

కొన్ని ఏండ్ల క్రిందట నేను ఆ దారిన నడిచినాను. శివరాత్రికి ముందు అడవిశాఖవారు బాటను బాగుచేయించే రోజులవి. వారి అనుమతి పొంది, తోడుగా ఒక చెంచు వృద్ధుని, ఆయన మనుమని వెంటబెట్టుకొని బయలుదేరినాను. పెద్దచెరువు దాటిన తరువాత వెదురుపొదలలో బాట మూడుగా చీలినది. నా కంటికి మూడింటిలో వెడల్పైనది, తొక్కుడు ఎక్కువగా ఉన్నది నడిమిది. నేను అటు నడవబోగా వృద్ధుడు నా భుజంమీద చేయి వేసి ఆపినాడు.

“అది మన దారి గాదు సామీ. పైన సూడు,” అన్నాడు.

పైకి చూచినాను. నాకేమీ తెలియలేదు. ఆయన నవ్వి, నన్ను ముంగాళ్లమీద కూర్చుండబెట్టి చూపించినాడు. నడిమి బాటలో వెదురు కొమ్మలు నడుమెత్తువరకు మాత్రమే విరిగి ఉన్నవి. దానికి పైన అల్లుకొని మూసికొన్నవి. కుడివైపు బాట నేలమీద సన్నగా ఉన్నా, తలయెత్తువరకు తెరపిగా ఉన్నది.

“నడుముకాడికే కాళీ ఉంటే అది కణుజులు, పందులు నీళ్లకు పోయే దారి. తలమీద మూట పెట్టుకోని మనిసి పోయింటే పైదాకా కాళీ ఉంటాది. నేల సూసుకోని పోయేటోడు అడివిలో తప్పిపోతాడు,” అన్నాడు.

ఆ మాట విన్నంతనే నాకు ఇంతకాలం చదివిన శాసనాలన్నీ మనస్సులో మెదిలినవి. మెట్లు కట్టించిన ప్రభువు పేరు తెలుసును, మండపం ఎత్తించిన రాయల పేరు తెలుసును. తల మూసుకొనిపోకుండా ఏటేటా ఈ కొమ్మలను నరికినవారి పేరు ఏ రాతిమీదా లేదు. ఆ జ్ఞానం రాతిమీద ఉండేది కాదు. తాత వెంట నడిచిన మనుమని కన్నులలో ఉండేది. ఆనాడు మావెంట వచ్చిన కుర్రవాడు పట్టణంలో చదువుకొంటున్నాడు. ఆ చీలికవద్ద వాడు కూడా నావలెనే నడిమి బాటవైపు చూచినాడు. వృద్ధుడు దానిని గమనించినాడు గాని ఏమీ అనలేదు. మనుమనిని పిలిచి, నాకు చూపినదే వానికి కూడా చూపినాడు.

మరునాటి సాయంకాలానికి భీమునికొలను లోయలోకి దిగినాము. చుట్టూ నిలువుగా రాతిగోడలు, అడుగున చల్లని నీరు. అక్కడ కాళ్లు కడిగికొని ఎదుటి మెట్లు ఎక్కసాగినాము. ఆ మెట్లు శతాబ్దాల పాదాల క్రింద అరిగి నడుమ గుంటలు పడినవి. కైలాసద్వారం చేరేసరికి ప్రొద్దు వాలినది. తిరునాళ్లకు ముందు గనుక అక్కడ మేము ముగ్గురమే. వెనుకకు తిరిగి చూస్తే మేము నడిచివచ్చిన అడవి అంతా ఒకే పచ్చని దుప్పటిగా కనబడినది. అందులో బాట జాడ ఎక్కడా లేదు. రెండు రోజులు దానిమీదనే నడిచినవాడను, అది ఎక్కడ ఉన్నదో వ్రేలుపెట్టి చూపలేకపోయినాను. వృద్ధుడు మాత్రం ఒక్కొక్క చోటు చూపుతూ పేర్లు చెప్పినాడు. కొండకొమ్మున గాలి తప్ప వేరు చప్పుడు లేదు.

నేడు ఈ అడవి పెద్దపులుల రక్షితారణ్యం. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవులను పులుల సంరక్షణ పథకంలో చేర్చినారు. 2014లో రాష్ట్రం రెండైన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాదు పేర వేరైనది. పులి ఉండే అడవిలో మనుష్యులు ఇష్టము వచ్చినప్పుడు తిరగడం పులికీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు. అందుచేత ఈ నడకదారిని శివరాత్రికి, ఉగాదికి కొన్ని దినాలు మాత్రమే తెరుస్తారు. ఆ దినాలలో వేలకొలది కన్నడ భక్తులు కర్ణాటకంనుండి దినాలతరబడి నడిచి ఈ బాటను వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, చీర, పసుపు, కుంకుమ పుట్టింటి సారెగా తెస్తారు. చెంచులకు మల్లన్న అల్లుడు. కన్నడిగులకు భ్రమరాంబ కూతురు. ఈ ఇద్దరి చుట్టరికమే నేడు ఆ బాటను బ్రతికించుచున్నది. వారు ఒక పది సంవత్సరాలు నడవడం మానితే ప్రోలయ వేమారెడ్డి మెట్లు ఉంటాయి, మఠంబావి ఉంటుంది. ఒకదానినుండి మరొకదానికి పోయే దారి మాత్రం ఉండదు.

చరిత్ర వ్రాసేవారు శాసనాలను ప్రతులు తీసి అచ్చువేసినారు. అది చేయవలసిన పనియే. దానితోపాటు, దారి తెలిసిన పెద్దలు ఉండగానే వారి వెంట నడిచి, ప్రతి నీటి తావు పేరు, ప్రతి చీలిక గుర్తు వ్రాసికొనవలసిన అవసరం ఉన్నది. వ్రాయడంకంటె ముఖ్యం, ఆ గూడేల పిల్లలకు తమ తాతల విద్య చిన్నతనమనే భావం కలుగకుండా చూడడం. బడిలో చదివిన చదువుకు ఆ విద్య పోటీ కాదు. దారి చూపేవారుగా, అడవి కాచేవారుగా వారికి గౌరవమైన జీవనం దొరికితే, పులికీ మేలు, బాటకూ మేలు.

ఈసారి శ్రీశైలం వెళ్లే శ్రోతలు బస్సు దిగి స్వామిదర్శనం చేసికొన్న పిమ్మట, వీలు దొరికితే కైలాసద్వారంవరకు వెళ్లిరండి. అక్కడ నిలుచుండి ఒక్కసారి పడమటివైపు చూడండి. క్రింద కనబడే పచ్చదనంలో ఏ దారీ కనబడదు. కాని పదునైదు వందల ఏండ్లుగా మన పూర్వులు ఆ పచ్చదనంలోనుండియే నడిచివచ్చి, మీరు నిలుచున్నచోటనే మూటలు దించి, నుదుటి చెమట తుడుచుకొన్నారు. వారికి ముందుగా, చేత కత్తి పట్టుకొని కొమ్మలు నరుకుతూ నడిచినవాడు ఒకడు ఉన్నాడు. ఆ పేరు తెలియని మనిషికి కూడా అక్కడ ఒక నమస్కారం చేయండి.